జాతి తెలియని గుర్రప్పిల్లకు మీరిచ్చిన జాతి పత్రం, షో ప్యాకేజీ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: జాతి పత్రం రద్దు చేయడం, డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మీ దగ్గర మేం కొన్న ‘యంగ్ హార్స్ షో ప్యాకేజీ’ (జాతి పత్రం, ట్రైనర్, హాల్టర్, దాణా, మెరుపు నూనె) గురించి ఈ ఉత్తరం. ₹38,500 కట్టాం, బిల్లు కాపీ జత చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా “కంప్లయింట్ రిజిస్టర్ అయింది మేడమ్” అంటున్నారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా గుర్రప్పిల్ల పేరు చుక్క. తల్లి పాతబస్తీలో పెళ్లి బారాత్‌లకు తిరిగే గుర్రం. తండ్రి ఎవరో మాకు అమ్మినాయనకే తెలీదు. మీ ఆర్డర్ ఫారంలో ‘జాతి’ అన్న గడిలో ‘తెలియదు’ అని స్పష్టంగా రాశాను. మేం వెళ్లాలనుకున్న గుర్రాల షోలో, జాతి కాగితాలు లేని గుర్రప్పిల్లలకు కూడా మూడేళ్ల లోపు క్లాసు, అంటే పోటీ విభాగం, ఒకటి ఉంది. జీను ఉండదు, సవారీ ఉండదు. పగ్గం పట్టుకుని జడ్జి ముందు నిలబెట్టాలి, నడిపించాలి, దుల్కీలో, అంటే నడకకూ దౌడుకూ మధ్య వేగంలో, పరిగెత్తించాలి. ఆయన చూసేది కాళ్లు, గిట్టలు, ఒంటి తీరు, నడక, మనిషి మాట వినే గుణం. మీ నుంచి మాకు కావాల్సింది ఆ తయారీ ఒక్కటే. దానికి ఒక గొప్ప జాతి పేరు తగిలించమని మేం అడగలేదు.

ముందు ఆ పత్రం సంగతే మాట్లాడతాను, మిగతావన్నీ దాని తర్వాతే. జూలు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి కవర్లో పెట్టి పంపమన్నారు, పంపాం. బదులుగా బంగారు రంగు సీలు వేసిన మందపాటి అట్ట ఒకటి వచ్చింది. దాని మీద “శుద్ధ మార్వాడీ, ఆడ, వయసు నాలుగేళ్లు, దేవమణి సుడి కలదు” అని అచ్చేసి ఉంది. ఏ ల్యాబులో పరీక్ష చేశారో లేదు, శాంపిల్ నంబరు లేదు, సంతకం పెట్టిన మనిషి పేరు లేదు.

దేవమణి అంటే గుర్రం మెడకు ముందు వైపు, గొంతు మీద ఉండే వెంట్రుకల సుడి, శుభమని నమ్ముతారు. కవర్లో పంపిన గుప్పెడు వెంట్రుకల్లో అది మీకెలా కనిపించింది? మన దగ్గర గుర్రం కొనేవాళ్లు ముందు అడిగేది సుడుల గురించే కాబట్టి, ఉంటే బాగుంటుందని రాసేసినట్టున్నారు. చుక్క గొంతు మీద ఏ సుడీ లేదు. ఫోటో పంపుతున్నాను, చూసుకోండి.

వయసు విషయం ఇంకా ఘోరం. గుర్రానికి ముందు పళ్లలో మధ్య జత రెండున్నరేళ్లకు, దాని పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు ఊడి కొత్తవి వస్తాయి. గుర్రాలతో పనిచేసే ఎవరిని అడిగినా చెప్తారు. చుక్క పెదవి పైకెత్తి చూస్తే మధ్యలో రెండు పెద్ద పళ్లు, ఇంకా అంచులు అరగనివి, కనిపిస్తాయి. వాటికి అటూ ఇటూ ఉన్నవన్నీ తెల్లటి చిన్న పాలపళ్లు. కింది వరసా అంతే. నాలుగేళ్ల గుర్రం నోరు అలా ఉండదు. నోరు చూడకుండా వయసు రాసే ధైర్యం మీకెక్కడిదో నాకు అర్థం కాలేదు.

ఇక మార్వాడీ అన్న మాట. రాజస్థాన్ మార్వాడీ గుర్రం చెవుల కొనలు లోపలికి వంగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతాయి. గుజరాత్ కాఠియావాడీ గుర్రానికీ అలాగే ఉంటాయి. మా చుక్కకు ఎడమ చెవి కొన కాస్త వంగింది, కుడిది నిటారుగా ఉంది. ఆ రెండు జాతుల్లో దేని రక్తమైనా అందులో ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. డీఎన్‌ఏ పరీక్ష అంటారా, తల్లిదండ్రుల శాంపిళ్లు ఉంటే ఇది వాటి పిల్లేనా కాదా అని తేల్చగలదు. తండ్రి ఎవరో తెలీదు, తల్లి శాంపిల్ మీరు అడగనే లేదు. మరి దేంతో పోల్చారు? జాతి రిజిస్ట్రేషన్ అంటే ఆ జాతి సొసైటీ తన స్టడ్ బుక్‌లో, అంటే ఆ జాతి గుర్రాల వంశావళి పుస్తకంలో, ఎక్కించుకోవడం. దాణా అమ్మే కంపెనీ అట్ట మీద అచ్చేస్తే వచ్చేది కాదు.

ఆ అట్ట మా బీరువాలో పడి ఉంటే పోనీలే అనుకునేదాన్ని. మీ ఆఫీసు వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా దాని కాపీని షో నిర్వాహకులకు మెయిల్ చేశారు. మేం నింపిన ఫారంలో ‘జాతి తెలియదు, మూడేళ్ల లోపు’ అని ఉంది. మీ పత్రంలో ‘మార్వాడీ, నాలుగేళ్లు’ అని ఉంది. వాళ్లు ఎంట్రీ ఆపేశారు, ఆపక ఏం చేస్తారు? పెద్ద గుర్రాన్ని తెచ్చి పిల్లల క్లాసులో పెడుతున్నామని మా మీద అనుమానం. మా వెటర్నరీ డాక్టర్ గారు పళ్లు చూసి వయసు రాసిచ్చాక తప్పు మాది కాదని షో వాళ్లు ఒప్పుకున్నారు గానీ, అప్పటికి గడువు దాటిపోయింది.

అసలు కావాల్సిన కాగితం గురించి మాత్రం మీకు తెలిసినట్టే లేదు. నాలుగు చోట్ల గుర్రాలు కలిసే చోటికి వెళ్లాలంటే గ్లాండర్స్ లేదని రక్తపరీక్ష రిపోర్టు ఉండాలి. అది గుర్రాల నుంచి మనుషులకూ అంటే రోగం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఎక్కడ కనబడినా అధికారులకు చెప్పి తీరాల్సిన జబ్బు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి పేరున్న ల్యాబు. మీ ప్రతినిధిని అడిగితే “మా సర్టిఫికెట్ ఉంటే చాలు మేడమ్, ఇంకేం అక్కర్లేదు” అన్నాడు. ఆ కాల్ రికార్డింగ్ నా దగ్గర ఉంది.

మీరు పంపిన ట్రైనర్ గారిని నేను తప్పు పట్టను. ఆయన బారాత్‌లో నాచ్ గుర్రాలను, అంటే చిందులేసే గుర్రాలను, తయారు చేసే మనిషి, ఆ పనిలో దిట్ట కూడా. కానీ నాచ్‌కు కావాల్సింది వేరు, షోకు కావాల్సింది వేరు. తల పైకి బిగించి, ఉన్నచోటే మోకాళ్లు ఎత్తేలా పిల్లకు నేర్పడం మొదలుపెట్టాడు. మాకు కావాల్సింది వదులు పగ్గం మీద తిన్నగా వెళ్లి తిన్నగా తిరిగి రావడం. జడ్జి వెనక నుంచి, ముందు నుంచి, పక్క నుంచి కాళ్ల వరస చూస్తాడు. పిల్ల పక్కకు జరుగుతూ చిందులేస్తే ఆయనకు ఏం కనబడుతుంది? తిప్పేటప్పుడు గుర్రాన్ని మన నుంచి అవతలికి, కుడి వైపుకు తిప్పాలి. అప్పుడు అది మన కాలు తొక్కదు, మనం జడ్జికి అడ్డు రాం. మీ ట్రైనర్ ప్రతిసారీ తన వైపుకే లాక్కున్నాడు. ఇప్పుడు చుక్క పగ్గం కొద్దిగా బిగిసిందంటే చాలు, ముందు కాళ్లు ఎత్తేస్తోంది. ఆ అలవాటు మాన్పించడానికి మా సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) నానా తంటాలు పడుతున్నాడు.

హాల్టర్, అంటే పగ్గం కట్టడానికి తలకు వేసే పట్టీల సెట్టు, పెద్ద గుర్రం కొలత. ఆఖరి బొక్కకు బిగించినా మూతి పట్టీ ముక్కు మెత్తటి చోటుకు జారిపోతోంది. అది చెంప ఎముక కింద రెండు వేళ్ల దూరంలో ఉండాలి, మరీ కిందికి జారితే గుర్రం ఊపిరికి అడ్డం పడుతుంది. బకిల్ మీద ఇత్తడి రంగు గీరితే లోపల బూడిద రంగు లోహం కనబడింది. బకిల్ నాలుక వంగిపోయి ఒకసారి పట్టీ ఊడింది, పిల్ల గేటు వైపు పరుగెత్తింది. గేటు వేసి ఉంది కాబట్టి సరిపోయింది, అవతల చేవెళ్ల రోడ్డు.

‘షో కండిషన్’ దాణా బస్తా మీద “గుర్రానికి రోజుకు 5 కిలోలు” అని ఉంది. ఏ వయసు, ఎంత బరువు అన్నది లేదు. కాల్షియం ఎంత, భాస్వరం ఎంత అన్నది లేదు. ఎదిగే పిల్లకు కాల్షియం భాస్వరం కంటే ఎక్కువ ఉండాలి. గోధుమ పొట్టులో భాస్వరమే ఎక్కువ. మీ బస్తాలో సగానికి సగం పొట్టే ఉన్నట్టు కనబడుతోంది. లావుగా, నిగనిగలాడుతూ ఉంటే షోలో బాగుంటుందని పిల్లలకు గింజలు దట్టిస్తే ఎముక ఎదిగే చోట (గ్రోత్ ప్లేట్ దగ్గర) వాపు వస్తుందని డాక్టర్ గారు ముందే హెచ్చరించారు. చుక్క ముందు కాళ్లలో, మోకాలికి కాస్త పైన, చేతికి తగిలేంత వాపు వచ్చాకే మీ దాణా పూర్తిగా ఆపించాం. ఎండుగడ్డి, జొన్న చొప్ప, కొంచెం ఉడికించిన ఉలవలు, డాక్టర్ గారు రాసిన ఖనిజ లవణాల పొడి పెడుతున్నాం, వాపు తగ్గింది. మిగిలిన బస్తాలు సీలు విప్పకుండా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. మెరుపు నూనె సీసా గురించి చెప్పేదేమీ లేదు, వాసన బాగుంది.

మాకు కావాల్సింది ఇది. ఆ జాతి పత్రం చెల్లదని, పరీక్ష ఆధారం లేకుండా ఇచ్చారని మీ లెటర్‌హెడ్ మీద రాసి మాకు ఒకటి, షో నిర్వాహకులకు ఒకటి పంపండి. ప్యాకేజీ మొత్తం సొమ్ము, వెటర్నరీ డాక్టర్ గారి బిల్లు వాపసు చేయండి. ఇలాంటి పత్రాలు ఇంకెవరెవరికి ఇచ్చారో వాళ్లకూ తెలియజేయండి. రేపు ఎవరైనా ఆ అట్ట చూపించి గుర్రాన్ని మార్వాడీ ధరకు అమ్మితే కొన్నవాడు మునిగిపోతాడు. ల్యాబులో నిజంగానే పరీక్ష చేయించారంటే ఆ రిపోర్టు పంపండి, నేనూ చూస్తాను.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. మేం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. హాల్టర్, బస్తా మీది లేబుల్, ఆ అట్ట భద్రంగా ఉంచాను. మీ మనుషులు బస్తాల కోసం వచ్చేటప్పుడు ముందు ఫోన్ చేసి రమ్మనండి, సాయంత్రం నాలుగు దాటాక అయితే ఎవరో ఒకరం ఉంటాం.

ఇట్లు,
మీ కస్టమర్,
మొయినాబాద్ మండలం, రంగారెడ్డి జిల్లా