టి-సెల్ లింఫోమా: ఆ అంకెలు ఎవరివో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో లింఫోమా (తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్) మీద వచ్చిన కథనం మా ఇంట్లో అందరం చదివాం. లింఫోమా అంటే ఇప్పుడు భయపడక్కర్లేదు, ఎక్కువ మందికి నయమైపోతుంది అని రాశారు. హాడ్జ్‌కిన్ రకం విషయంలో అది చాలావరకు నిజం. మా అమ్మకు వచ్చింది టి-సెల్ లింఫోమా, అందులోనూ యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ అనే రకం. వయసు 71. ఆ పేజీ చింపి దిండు కింద పెట్టుకుంది. ఆమె ధైర్యం చెడగొట్టాలని నేను ఇది రాయడం లేదు. కానీ ఆ మాట తనలాంటి వాళ్లకు ఎంతవరకు వర్తిస్తుందో కథనం మొత్తంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు చాలా బాధ అనిపించింది.

బి-కణాలు (బి-సెల్), టి-కణాలు (టి-సెల్) అంటే తెల్ల రక్తకణాల్లో రెండు రకాలు. లింఫోమాల్లో ఎక్కువ భాగం బి-కణాల నుంచి వస్తాయి. వాటి ఫలితాలను మార్చేసిన మందు రిటుక్సిమాబ్, 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది బి-కణం మీద ఉండే సీడీ20 అనే ప్రోటీన్‌ను పట్టుకుని పని చేస్తుంది. టి-కణం మీద ఆ సీడీ20 ఉండదు కాబట్టి ఆ మేలు ఈ రోగులకు అందలేదు, 1970ల నాటి చాప్ అనే నాలుగు మందుల కీమోతోనే దశాబ్దాల పాటు నెట్టుకొచ్చారు.

టి-సెల్ అన్నా కూడా అంతా ఒకటి కాదు. 2008లో 22 కేంద్రాల నుంచి 1,300కు పైగా రోగుల వివరాలతో ఒక అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. ఎనాప్లాస్టిక్ అనే మరో టి-సెల్ రకంలో, కణాల్లో ఆల్క్ అనే ప్రోటీన్ కనిపించిన (ఆల్క్ పాజిటివ్) వాళ్లలో 5 ఏళ్ల తర్వాత బతికున్నవాళ్లు 70 శాతం, ఆల్క్ నెగెటివ్ అయితే 49 శాతం. అమ్మకు ఉన్న రకంలో 32 శాతం. ఈ అంకె మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసింది, వాళ్లంతా 1990కీ 2002కీ మధ్య జబ్బు బయటపడిన వాళ్లని, అంటే ఇప్పటి మందులేవీ లేని కాలం వాళ్లని. ఆ ఒక్క ముక్క ఎవరైనా పక్కన రాసి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

మంచి వార్తకైనా ఇదే వర్తిస్తుంది. 2018లో బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందును కొన్ని టి-సెల్ లింఫోమాలకు కీమోతో కలిపి మొదటి చికిత్సగానే ఇవ్వడానికి అమెరికాలో అనుమతి వచ్చింది, 452 మంది మీద జరిగిన పరీక్ష ఆధారంగా. 5 ఏళ్లకు ఆ మందు తీసుకున్న వాళ్లలో 70 శాతం మంది బతికున్నారు, పాత చాప్ తీసుకున్న వాళ్లలో 61 శాతం. నిజంగా మేలే, ఎవరూ కాదనరు. కానీ ఆ 452 మందిలో 316 మందిది ఎనాప్లాస్టిక్ రకం. అమ్మ రకం వాళ్లు 54 మందే. వయసు వరసలో సరిగ్గా మధ్యన ఉన్న మనిషికి 58 ఏళ్లు. పైగా కణాల మీద సీడీ30 (ఆ మందు పట్టుకునే ప్రోటీన్) ఉన్నవాళ్లనే అందులో తీసుకున్నారు.

రోగి ఎవరు అనేది ఎంత ముఖ్యమో నాకు ఆస్పత్రిలో మొదటి రోజే అర్థమైంది. మందుల మాట ఎత్తకముందే డాక్టర్ గారు అమ్మను "ఇంట్లో పనులు మీరే చేసుకుంటున్నారా అమ్మా, పగలు ఎంతసేపు పడుకుంటున్నారు?" అని అడిగారు. "అన్నీ నేనే చేసుకుంటానండీ" అంది అమ్మ, గట్టిగా. వంటగదిలోకి వెళ్లి అప్పటికి నెల దాటింది. స్నానం చేసి వచ్చి, ఆయాసం తగ్గేదాకా గంటసేపు పడుకునేది. తను పక్క గదిలోకి బరువు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేను ఉన్నదున్నట్టు చెప్పాను. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలరో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, అది పెరిగితే ఓపిక తగ్గినట్టు. ఆయన ఫైల్లో 1 అని రాసింది కొట్టేసి 2 అని వేశారు. ఆ చిన్న అంకె మీద, వయసు మీద, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ మీద, జబ్బు ఎంత దూరం పాకిందన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుందట.

అంతకుముందు మూడు నెలలు జ్వరం, చేతుల మీద దద్దుర్లు, మెడ కింద బిళ్లలు. అలర్జీ అన్నారు, ఇన్‌ఫెక్షన్ అన్నారు. సూదితో తీసిన పరీక్షలో ఏమీ తేలలేదు. చివరికి బిళ్ల మొత్తం తీసి బయాప్సీకి పంపాకే పేరు తెలిసింది. ఈ రకంలో ఇలా ఆలస్యమవడం అరుదేమీ కాదని తర్వాత విన్నాను.

అందుకే అడుగుతున్నాను. ఇకమీదట లింఫోమా గురించి రాసినప్పుడు బి-సెల్లా, టి-సెల్లా, అందులో ఏ రకమో రాయండి. శాతం ఇచ్చినప్పుడు అది ఏ కాలం వాళ్లది, ఏ వయసు వాళ్లది అన్నది పక్కనే రాయండి. బిళ్లలు తగ్గకపోతే సూది పరీక్షతో సరిపెట్టుకోకుండా బిళ్ల మొత్తం తీసి చూడాలేమో డాక్టర్‌ని అడగమని, టి-సెల్ అని తేలితే సీడీ30 చూశారా అని కూడా అడగమని పాఠకులకు చెప్పండి.

అమ్మకు నాలుగో కీమో అయింది. జ్వరం లేదు, బిళ్లలు తగ్గాయి. మీ పేజీ ఇంకా దిండు కిందే ఉంది. మీరు వివరంగా మళ్లీ రాస్తే అది కూడా నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు