చరిత్ర విద్యార్థి చేతికి అసలు కాగితం అందాలి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో చరిత్ర సీట్లు తగ్గించడం, కొన్నిచోట్ల ఏకంగా శాఖనే ఎత్తేయడం గురించి మీ పత్రికలో కొన్ని వారాలుగా చర్చ నడుస్తోంది. చరిత్ర చదివితే ఉద్యోగం రాదని కొందరు, గతం తెలియకపోతే భవిష్యత్తు లేదని ఇంకొందరు రాశారు. ఆ ఉత్తరాలన్నీ చదివాను. అసలు చరిత్ర క్లాసులో పిల్లలు ఏం చేస్తున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. అది అడగడానికే ఈ లేఖ.

నేను ఆర్కైవ్స్‌లో పాత దస్త్రాల మధ్య 28 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రీడింగ్ రూమ్‌కి వచ్చినవాళ్లకు అడిగిన కట్ట తెచ్చివ్వడం, చేతిరాత అర్థం కాకపోతే పక్కన కూర్చుని సాయం చేయడం నా పని. ఒకసారి ఎంఏ రెండో ఏడాది చదివే అమ్మాయి ప్రాజెక్టు కోసం వచ్చింది. పాతకాలపు బడుల మీద ఆమె పని. కట్ట విప్పి ముందు పెడితే, కాసేపు చూసి, "సార్, నాకు కావాల్సింది ఇందులో ఏ పేజీలో ఉంటుంది?" అని అడిగింది. తెలివితక్కువ పిల్ల కాదు, డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి. ఐదేళ్లుగా చరిత్ర చదువుతున్నా ఒక్క అసలు పత్రాన్నీ చేత్తో పట్టుకోలేదు, అంతే. నోట్సు, గైడు, పాత ప్రశ్నపత్రాలు, ఇవే ఆమెకు తెలిసిన చరిత్ర.

"మొదటి కాగితం నుంచి చదువుకుంటూ వెళ్లమ్మా, అదే తెలుస్తుంది" అన్నాను.

నాలుగో రోజు తనే నా బల్ల దగ్గరికి వచ్చింది. తనిఖీ అధికారి రిపోర్టులో ఒక బడికి 40 మంది పిల్లలు వస్తున్నారని ఉంది. అదే కట్టలో, అదే ఏడాది ఖర్చుల చీటీలో ఆ బడికి కొన్నవి 9 పలకలు. "ఈయన అబద్ధం రాశాడు సార్!" అంది. అయ్యుండొచ్చు. మిగతా పిల్లలు పలకలు ఇంటి నుంచే తెచ్చుకున్నారేమో, కిందటి ఏడాదివి మిగిలి ఉన్నాయేమో, చీటీల్లో కొన్ని పోయాయేమో అన్నాను. ఆ ముందు ఏడాది కట్ట, తర్వాతి ఏడాది కట్ట తెప్పించుకుంది. రెండు వారాల తర్వాత ఆమె రాసుకున్న వాక్యం ఇది: "ఈ రిపోర్టులోని హాజరు సంఖ్యను ఒక్కదాన్నే నమ్మి ఏమీ చెప్పలేం." ఆ ఒక్క వాక్యం కోసం ఆమె మూడు కట్టలు చదివింది. ఐదేళ్ల చదువులో నేర్చుకోనిది ఆ రెండు వారాల్లో నేర్చుకుంది.

ఇలాంటి పనికి ఏం విలువ అంటారా? లండన్ కోర్టులో నడిచిన ఒక కేసు సంగతి చెబుతాను.

అమెరికా చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ 1993లో వచ్చిన తన పుస్తకంలో, డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత నాజీలు యూదులను సామూహికంగా చంపారన్న నిజాన్ని కాదంటున్నాడని, ఆధారాలను వక్రీకరిస్తున్నాడని రాశారు. ఆయన 1996లో ఆమె మీద, ప్రచురణకర్త మీద పరువునష్టం దావా వేశాడు. ఇంగ్లండ్ చట్టం ప్రకారం తాము రాసింది నిజమని వాళ్లే నిరూపించుకోవాలి. అప్పుడు వాళ్ల తరఫున కేంబ్రిడ్జి ఆచార్యుడు రిచర్డ్ ఎవాన్స్ రంగంలోకి దిగారు. ఆయనకు తోడు ఇద్దరు పరిశోధక విద్యార్థులు. ఇర్వింగ్ పుస్తకాల్లోని ఫుట్‌నోట్లు పట్టుకుని, అవి చూపించిన జర్మన్ పత్రాల దాకా వెళ్లి, అక్కడ నిజంగా ఏముందో చదవడమే వాళ్లు చేసిన పని. కోర్టుకు ఇచ్చిన నివేదిక 700 పేజీలు దాటింది.

అందులో బయటపడ్డ వాటిలో ఒకటి జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో చనిపోయినవాళ్ల లెక్క. 1945 ఫిబ్రవరిలో ఆ నగరం మీద మిత్రదేశాల బాంబులు పడ్డాక, అక్కడి అధికారులు దొరికిన మృతదేహాలు 20,204 అని, మొత్తం 25,000 దాకా ఉండొచ్చని రాసుకున్నారు. ఆ కాగితం నకలులో ఎవరో ఒక్కో సంఖ్య చివర ఒక్కో సున్నా చేర్చారు. అది 2,02,040 అయింది, 2,50,000 అయింది. ఇర్వింగ్ ఆ నకలును ఆధారంగా చూపించాడు. తక్కువ లెక్క చెప్పే వేరే అధికారిక పత్రం బయటికొచ్చాక 1966లో ఒక పత్రికకు లేఖ రాసి దాన్ని ఒప్పుకున్నాడు కూడా. (ఆయనా సంపాదకుడికే రాశాడు.) ఆ తర్వాత మళ్లీ పెద్ద అంకెలే వాడుతూ వచ్చాడు. చనిపోయినవాళ్లు ఎక్కువలో ఎక్కువ 25,000 మంది అని డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. 2,50,000 అనే అంకెను ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఒక్క సున్నా ఎంత దూరం పోతుందో చూడండి.

2000 ఏప్రిల్ 11న తీర్పు వచ్చింది. ఇర్వింగ్ ఆధారాలను కావాలనే వక్రీకరించాడని న్యాయమూర్తి తేల్చారు. ఆ గెలుపు వెనక గొప్ప వక్తృత్వం, దేశభక్తి ఉపన్యాసాలు ఏమీ లేవు. ఫుట్‌నోట్ దొరికితే దాని వెంట చివరిదాకా వెళ్లే ఓపిక ఉంది, ఆ పత్రం రాసిన భాష చదవగల చదువు ఉంది. ఆ ఇద్దరు విద్యార్థులకు అది ఎక్కడి నుంచి వచ్చింది? విశ్వవిద్యాలయం నుంచే కదా.

ఈ పద్ధతి కొత్తదీ కాదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్ పశ్చిమ సామ్రాజ్యాన్ని పోపుకు రాసిచ్చాడని చెప్పే దానపత్రం దొంగదని 1440లో ఇటలీ పండితుడు లోరెంజో వల్లా తేల్చాడు. అందులోని లాటిన్ మాటలు ఆ చక్రవర్తి కాలానివి కావని చూపించాడు. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో జర్మన్ చరిత్రకారుడు రాంకే తన విద్యార్థులతో మూలపత్రాలు చదివించి, ప్రశ్నలు వేయించి, సెమినార్‌ను చరిత్ర చదువులో భాగం చేశాడు. అంటే ఆధునిక విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠం వేళ్లూనుకున్నదే అసలు కాగితం చుట్టూ కూర్చుని. ఇవాళ మనం ఆ కాగితాన్ని తీసేసి మిగిలిన దాన్ని చరిత్ర అంటున్నాం. తేదీలు, యుద్ధాలు, కారణాలు ఐదు, ఫలితాలు ఆరు. పది మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు.

చరిత్రలో కొత్తగా తెలుసుకునేది ఏముంటుంది, జరిగిందేదో జరిగిపోయింది కదా అని చదువుకున్నవాళ్లే నన్ను అడిగారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లిష్ పండితుడు బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు శాసనాల్లో కనిపించింది "దేవానాంపియ పియదసి" అనే బిరుదులే. ఆ బిరుదులున్న రాజు అశోకుడే అని సింహళ గ్రంథాల సాయంతో పోల్చుకున్నారు. ఆ రాజు సొంత శాసనంలోనే అశోకుడనే పేరు కనిపించింది 1915లో, కర్ణాటకలోని మస్కి దగ్గర. నడుమ 78 ఏళ్లు. ఇంకా విప్పని కట్టలు ప్రతి ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. వాటిని విప్పేవాళ్లే తగ్గిపోతున్నారు.

ఉద్యోగాల మాటకొస్తే, చేతికొచ్చిన కాగితాన్ని అనుమానించి, సరిచూసి, సూటిగా నాలుగు వాక్యాలు రాయగల మనిషి కోర్టుకూ పత్రికకూ ఆడిట్‌కూ అందరికీ కావాలి. చరిత్ర శాఖ అలాంటివాళ్లను తయారు చేయకుండా సీట్లు కాపాడమంటే ఎవరూ వినరు. అక్కడ నేను విమర్శకుల పక్షమే. కానీ శాఖ మూసేస్తే జబ్బు కుదరదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ప్రతి విద్యార్థి ఒక అచ్చు పుస్తకంలోని ఒక్క వాక్యాన్ని తీసుకుని, దాని ఫుట్‌నోట్ వెంట అసలు పత్రం దాకా వెళ్లి, ఆ వాక్యం నిలబడుతుందో లేదో రాయాలి. దానికి మార్కులుండాలి. అసలు కాగితం దగ్గరలో లేకపోతే స్కాన్ చేసిన ప్రతి అయినా సరే. పాత భాష ఒకటి, పాత లిపి ఒకటి నేర్పాలి. ఇది చాలా చోట్ల ఐచ్ఛికం పేరుతో ఎగిరిపోయింది. ఆర్కైవ్స్‌లు కూడా మారాలి. విద్యార్థి వస్తే మూడు సంతకాలు, నాలుగు ఉత్తరాలు అడిగి వెనక్కి పంపిన రోజులు నాకు తెలుసు. అలా పంపినవాళ్లలో నేనూ ఉన్నాను, అది తప్పు.

ఇక మీకూ ఒక విన్నపం. ఇకముందు ఏదైనా చరిత్ర శాఖ మూతపడుతోందని వార్త వేసేటప్పుడు, ఎన్ని సీట్లు, ఎంతమందికి ఉద్యోగాలు అన్నవాటితో పాటు ఇంకొకటి కూడా మీ విలేకరితో అడిగించండి: అక్కడ చదివిన పిల్లల్లో ఎంతమంది ఒక్క మూలపత్రమైనా చదివి బయటికొచ్చారు?

ఇట్లు,
ఆర్కైవ్స్‌లో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు