పసిపిల్లల బట్టల కొత్త సెట్‌లో గ్లవ్స్ ఎందుకు లేవంటే

"చొక్కా, టోపీ, సాక్సులు వచ్చాయి, గ్లవ్స్ ఏవండీ?" అని చాలామంది అడుగుతున్నారు. ప్యాకింగ్‌లో మర్చిపోలేదు, కావాలనే తీసేశాం. కారణం దారప్పోగు.

మీ పాపాయి గ్లవ్స్‌ని ఒకసారి తిరగేసి చూడండి. అంచు విడిపోకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టంతా లోపలే, అంటే వేళ్లకు తగిలే వైపే ఉంటుంది. నాలుగు ఉతుకులు పడేసరికి అందులో ఎక్కడో ఒక పోగు లేస్తుంది. పిల్లలు లోపల వేళ్లు ముడుస్తూ చాస్తూనే ఉంటారు కదా, ఆ కదలికకే అది వేలికి చుట్టుకుని బిగుసుకుంటుంది. వేలు వాస్తుంది, వాచేకొద్దీ పోగు ఇంకా లోపలికి దిగుతుంది, అలాగే వదిలేస్తే వేలికి రక్తమే అందకుండా పోవచ్చు. పైన గ్లవ్ ఉంటుంది కాబట్టి ఏమీ కనిపించదు, అసలు టెన్షన్ అదే.

ఇకపై కుట్టు బయటికి, నున్నటి వైపు లోపలికి వచ్చేలా కుట్టిస్తున్నాం. చూడ్డానికి తిరగేసి తొడిగినట్టే ఉంటాయి, ముందే చెప్తున్నా. ఈలోగా మీ దగ్గరున్నవి, మావైనా ఇంకెవరివైనా, తొడిగే ముందు తిరగేసి చూడండి, పోగు కనిపిస్తే లాగకుండా (లాగితే కుట్టే ఊడొస్తుంది) మొదలంటా కత్తిరించండి. సాక్సులదీ ఇదే కథ. గోళ్లు ఎప్పటికప్పుడు తీస్తుంటే గ్లవ్స్ అవసరమే తక్కువ, అమ్ముకునేదాన్ని నేనే ఈ మాట చెప్పకూడదేమో గానీ.

మేం ఎలా కుట్టినా మా చేతిలో లేనిది వెంట్రుక. కాన్పయిన కొన్ని నెలలకు తల్లికి జుట్టు బాగా రాలుతుంది, అది పిల్లల సాక్సుల్లోకీ దుప్పట్లలోకీ చేరుతుంది. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఆరేకొద్దీ బిగుస్తుంది. ఎక్కువగా చుట్టుకునేది కాలివేళ్లకే, మగపిల్లల్లో అంగానికి కూడా చుట్టుకోవచ్చు, డైపర్ మార్చేటప్పుడు అక్కడా చూడండి, ఇందులో మొహమాటమేమీ లేదు.

పాలిచ్చినా ఎత్తుకున్నా ఊరుకోకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే బట్టలన్నీ విప్పి, మంచి వెలుతురులో వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. వేలు ఎర్రగానో నీలంగానో వాచి, గీత గీసినట్టు గాడి పడి ఉంటే అనుమానించాల్సిందే. కొస దొరికి తేలిగ్గా వస్తే తీసేసి, వాపూ రంగూ తగ్గుతున్నాయో లేదో చూస్తూ ఉండండి. కొస దొరక్కపోయినా, తీశాక కూడా తగ్గకపోయినా బ్లేడుతో గెలకొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జుట్టు తొలగించే క్రీము రాయొచ్చా అని అడిగారు కొందరు. అది వెంట్రుకను కరిగిస్తుంది గానీ కాటన్, పాలిస్టర్ దారాన్ని కరిగించదు, పైగా తెగిన చర్మానికి రాయకూడదు. అది డాక్టర్‌కే వదిలేయండి.

గ్లవ్స్‌తో కలిపి డబ్బు కట్టినవాళ్లు మెసేజ్ పెట్టండి, ఆ మొత్తం వెనక్కి ఇస్తాం, లేదంటే కొత్తవి సిద్ధమయ్యాక పంపిస్తాం.