షాపు ఏడు రోజులు ఎందుకు మూసి ఉందంటే

నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్ నుంచి మన మెడికల్ షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. సోమవారం నుంచి మళ్లీ తెరిచాం. మూసి ఉన్నన్ని రోజులూ ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని చాలామంది ఫోన్ చేశారు. నోరు పెగల్లేదు, ఏదో చెప్పి పెట్టేశాను. అసలు సంగతి, మా డ్రగ్ లైసెన్స్ ఏడు రోజులు సస్పెండ్ అయింది. తప్పు మాదే.

నేను భోజనానికి ఇంటికెళ్లిన ఒక మధ్యాహ్నం, ఒక పెద్దాయన పాత స్ట్రిప్ ముక్క తెచ్చి ఇవే కావాలన్నారు. కౌంటర్లో ఉన్న కుర్రాడు డాక్టరు చీటీ అడక్కుండా పది జోల్పిడెమ్ మాత్రలు ఇచ్చేశాడు. నిద్రమాత్రలవి. ఆ రాత్రి పెద్దాయన బాత్రూంకని లేచి, తూలి పడ్డారు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మాయి మా మీద ఫిర్యాదు చేశారు. ఆమెను ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు. మా నాన్నకు అలా జరిగితే నేనూ అదే చేసేవాణ్ని.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి ముందుగా హెచ్1 రిజిస్టర్ అడిగారు. నిద్రమాత్రలు, కొన్ని గట్టి యాంటీబయాటిక్స్, టీబీ మందులు లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉంటాయి. 2014 మార్చి నుంచి ఈ నియమం ఉంది. మందు ఇచ్చినప్పుడే డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, ఏ మందు, ఎన్ని అన్నవి విడిగా ఒక రిజిస్టర్లో రాసి, మూడేళ్లు దాచాలి. ఆయన ఒక చేత్తో బిల్లు పుస్తకం, ఇంకో చేత్తో రిజిస్టర్ పట్టుకుని వరుసగా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. ఆ వారం బిల్లుల్లో హెచ్1 అమ్మకాలు ఆరు, రిజిస్టర్లో రెండు. నాలుగు చోట్ల వేలు ఆగిపోయింది. ప్రతిసారీ నా మొహం వైపు చూశారు. సాయంత్రం కూర్చుని రాసుకుందాంలే అని వదిలేసినవే ఆ నాలుగూ.

తర్వాత షోకాజ్ నోటీసు వచ్చింది. రాత్రుళ్లు నిద్ర లేదు, టెన్షన్. తోటి షాపుల వాళ్లు రెండు సలహాలు ఇచ్చారు. ఖాళీలు రాత్రికి రాత్రే నింపేయమని ఒకరు, మొత్తం కుర్రాడి మీదకు తోసేయమని ఇంకొకరు. మొదటిదానికి మనసొప్పలేదు. రెండోదానికి మాత్రం కాస్త ఆశపడ్డాను, దాచను. డ్రగ్స్ రూల్స్ 66లో నిజంగానే ఆ వెసులుబాటు ఉంది. పనివాడు చేసిన తప్పులో యజమాని ప్రోద్బలం లేదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడని రుజువైతే లైసెన్స్ మీద చర్య ఉండదు. నా కేసు చూసిన వకీలు గారు ఒక్కటే అడిగారు: "ఏం జాగ్రత్తలు తీసుకున్నారో కాగితం మీద చూపించగలరా?" చూపించలేను. చీటీ మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ స్వయంగా ఇవ్వాలి, లేదా దగ్గరుండి ఇప్పించాలి. ఆ టైముకు నేను షాపులోనే లేను. కుర్రాడికి ఇది ఇవ్వొద్దు అని ఒక్కనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

అందుకే జవాబులో జరిగింది జరిగినట్టే రాశాం. రిజిస్టర్ కాపీ ఖాళీలతో సహా జతచేశాం. ఇకపై ఏం చేస్తామో రాసి సంతకం పెట్టాను. లైసెన్స్ రద్దవుతుందేమోనని వణికాను, ఏడు రోజులతో సరిపోయింది. ఆర్డరు మీద మూడు నెలల్లోపు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ఆర్డరులో రాసిందంతా నిజమే కాబట్టి నేను చేసుకోలేదు. ఇది చదివే తోటి ఫార్మసిస్టులకు ఒక మాట: మీ మీద వచ్చిన ఫిర్యాదు అబద్ధమైతే ఆ హక్కు వదులుకోకండి. నోటీసును మాత్రం డ్రాయర్లో పడేయకండి. ఫార్మసిస్టుగా మన పేరు నమోదై ఉండే ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్లోంచి పేరు తీసేయడం వేరే సంగతి, అది 1948 ఫార్మసీ చట్టం కింద జరిగేది. అక్కడ కూడా మన మాట వినకుండా పేరు కొట్టేయరు.

కుర్రాణ్ని తీసేయలేదు. ఇప్పుడు స్టాకు, బిల్లింగు చూస్తాడు. చీటీ మందుల అరకు తాళం వేశాను, తాళంచెవి నా జేబులో ఉంటుంది.

ఇక మీకు కొంచెం ఇబ్బందే. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా షాపు తెరిచే ఉంటుంది కానీ చీటీ మందులు ఇవ్వం. పాత స్ట్రిప్ చూపిస్తే ఇవ్వం. పదేళ్లుగా వస్తున్నాను కదా అన్నా సరే, ఇవ్వలేను. కోపం వస్తే నా మీద పడండి, కుర్రాడి మీద కాదు.

మూసిన రోజుల్లో కూడా రోజుకు రెండుసార్లు వెళ్లి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉందో లేదో చూసి రాసుకున్నాను. ఆ కాగితం కౌంటర్ మీదే ఉంది, అడిగితే చూపిస్తాను. ఒక అమ్మ ఇన్సులిన్ కోసం ఎండలో కోఠి దాకా వెళ్లారని తర్వాత తెలిసింది. అమ్మా, క్షమించండి. ఈసారి మీ ఇంటికి నేనే తెచ్చి ఇస్తాను.