పదిహేనో తారీఖు డబ్బు

కువైట్,
శుక్రవారం రాత్రి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది. నేనిక్కడ క్షేమం. అమ్మ, మరదలు, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ పట్టుకున్నానంటే ఇంటామె ఏదో ఒక పనికి పిలుస్తుంది, చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. ఇది సగంలో ఆగే మాట కాదు.

ఈ నెల 100 దినార్లు పంపాను. దినారుకు 270 పైనే కట్టాడు, 27 వేలు దాటే పడి ఉంటాయి. చీటీ, పాప ఫీజు, అమ్మ మందులు ఎప్పటిలాగే. నేను రాసేది ఎదురింటి మామ్మ గురించి.

పోయిన వారం అమ్మ మాటల్లో మాటగా "మామ్మ రాత్రిపూట వండుకోవడం మానేసిందే" అంది. అనేసి, పాప పరీక్షల సంగతి ఎత్తుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2024 జూలై ఒకటో తారీఖు గుర్తుందా? పింఛను 3 వేల నుంచి 4 వేలు చేశారు. ఏప్రిల్ నుంచి పెంచినట్టు లెక్కకట్టి, ఆ మూడు నెలల 3 వేలూ కలిపి 7 వేలు ఇంటికొచ్చి చేతిలో పెట్టారు. నువ్వే వీడియో కాల్‌లో చూపించావు. మామ్మ అరుగు మీద కూర్చుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ 7 వేలు వీధంతా చూసింది. హైదరాబాదులో ఉన్న కొడుకు చెవినా పడింది. అప్పటిదాకా పక్కింటి కుర్రాడి ఫోన్‌పేకి నెలకి 1500 వేసేవాడు, ఆగస్టు నుంచి వేయలేదు.

అతన్ని ఒక మాట అనడానికి నాకు నోరు రాదు. అమ్మ చేత మనం ఇప్పించే 500 కూడా ఆ నెలే ఆపేశాం. "ఆవిడకిప్పుడేంటి, నాలుగు వేలొస్తున్నాయి" అన్నది నేనే. లెక్క వేసి చూడరా. ప్రభుత్వం పెంచింది వెయ్యి. కొడుకూ మనమూ కలిసి ఆపింది 2 వేలు. పింఛను పెరిగాక మామ్మ చేతికొచ్చే డబ్బు వెయ్యి తగ్గింది. గది అద్దె 2500 పోతే మిగిలే 1500లో గ్యాసు, కరెంటు, బీపీ షుగరు మాత్రలు. కోటా బియ్యం ఉన్నా వాటిలోకి కూర కావాలి కదా.

ఇక్కడ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసే మన రాజోలు అబ్బాయి చెప్పాడు, 2022లో బయటి దేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బు 10 వేల కోట్ల డాలర్లు దాటిందట. వింటే గర్వంగానే అనిపించింది, అందులో నా చెమటా ఉంది కదా. కానీ మన వీధిలో ఆ డబ్బు ఏ గడపలు తొక్కుతోందో చూడు. బయటి నుంచి డబ్బు రావాలంటే ముందు ఇంట్లోంచి ఒకరు బయటికి వెళ్ళాలి. వెళ్ళాలంటే అప్పు పుట్టాలి. నాకు ఏజెంటుకి కట్టడానికి లక్షా పదివేలు పుట్టాయంటే అమ్మ గాజులు తాకట్టుకు ఉన్నాయి, నీ ముఠా మేస్త్రీ పూచీ ఉన్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టినా తీర్చగలిగాం. గాజులూ పూచీ లేని ఇంట్లోంచి ఎవరు విమానం ఎక్కుతారు? అలాంటి ఇంటికి ఏదైనా రావాలంటే, మనలాంటి ఇంటికి వచ్చిందాంట్లోంచి వీధి దాటి వెళ్ళాల్సిందే.

మనకీ అలాగే వచ్చింది. నువ్వు చంకలో పిల్లాడివి, నీకు గుర్తుండదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో చెట్లన్నీ పడిపోయాక నాన్నకి కొబ్బరి దింపు లేకుండా పోయింది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. రాజమండ్రి వచ్చి పడ్డాం. మనకంటూ అడ్రసు లేదు, వైజాగ్ నుంచి మావయ్య పంపే 200 రూపాయల మనియార్డరు మామ్మ ఇంటి అడ్రసుకే వచ్చేది. పోస్టుమ్యాన్ అమ్మ ఎడమ బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించుకునేవాడు. అమ్మ ఆ వేలు మామ్మ తలుపు చెక్కకే తుడిచేది. నెలకొక నల్లటి మరక, కింద నుంచి పైకి వరసగా. మామ్మ ఒక్కరోజూ కసరలేదు. మనియార్డరు రాని నెలలో తవ్వెడు బియ్యం చేటలో పోసి, నా చేత పంపించేది.

అందుకని నువ్వు చేయాల్సింది చెప్తాను. ఈ నెల నుంచి వెయ్యి మామ్మకి. నా చీటీ తగ్గించుకుంటాను, పాప ఫీజు జోలికి వెళ్ళకు. ఆ కుర్రాడి ఫోన్‌కి వేయొద్దు, కొట్టు బాకీ కింద జమ చేయించొద్దు, అమ్మ వెళ్ళి చేతికివ్వాలి. కొడుకుతో నేను మాట్లాడతాను, నంబరు పంపు. అతను మళ్ళీ వేయడం మొదలుపెట్టినా మనది ఆపొద్దు.

ఒకటో తారీఖున ఇవ్వొద్దు. ఆ రోజు పింఛను వస్తుంది, అప్పులవాళ్ళూ వస్తారు. పదిహేనో తారీఖున ఇవ్వు. అప్పటికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు.

మీ అక్క