పారమట్టాలో లెక్కకు రాని జనం

సంపాదకులకు,

సిడ్నీలో తెలుగువారు ఎక్కువగా ఉండేదెక్కడంటే పారమట్టా, హారిస్ పార్క్ పేర్లు ముందు వినిపిస్తాయి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర అసెంబ్లీ స్థానాల హద్దులు గీసేటప్పుడు మాత్రం వీరిలో చాలామంది లెక్కలోకే రారు.

ఆ అసెంబ్లీలో స్థానాలు 93. నమోదైన ఓటర్లను 93తో భాగించి, సగటుకు 10 శాతం అటూ ఇటూ దాటకుండా హద్దులు గీస్తారు. 2023 ఎన్నికల జాబితా ప్రకారం ఆ సగటు దాదాపు 59 వేలు. ఓటు ఆస్ట్రేలియా పౌరులకే. 1984 జనవరి 26 నాటికే జాబితాలో ఉన్న బ్రిటిష్ ప్రజలకు మినహాయింపు ఉంది (సామ్రాజ్యం పోయినా మర్యాద పోలేదు!). స్టూడెంట్ వీసా, వర్క్ వీసా వారు, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చినవారు, పిల్లలు అందరూ సున్నా కిందే లెక్క. కానీ అద్దె బాండ్ (అద్దె ఇంటికి కట్టే డిపాజిట్), ప్రభుత్వ బడి, లోకల్ రైలు, వెస్ట్‌మీడ్ ఆసుపత్రి అన్నీ రాష్ట్రం చేతిలోవే. వాటి గోడుతో ఎమ్మెల్యే ఆఫీసుకు వచ్చేవారిలో ఓటు లేనివారూ ఉంటారు. కాబట్టి ఓటర్ల సంఖ్య సమానమైనా పని భారం సమానం కాదు.

పారమట్టా 1856 నాటి తొలి అసెంబ్లీ నుంచీ ఉన్న స్థానం. గ్రామీణ స్థానాలకు తక్కువ ఓటర్లు సరిపోయే పాత పద్ధతిని అప్పటి రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి) నెవిల్ రాన్ ప్రభుత్వం 1979లో తీసేసింది. అది మంచి పనే, కాకపోతే ఓటర్ల దగ్గరే ఆగింది. 2011 నుంచి లిబరల్ పార్టీ చేతిలో ఉన్న ఈ స్థానాన్ని 2023లో లేబర్ అభ్యర్థి డోనా డేవిస్ గెలుచుకున్నారు. పార్టీ మారింది, లెక్క మారలేదు.

భారత్‌లో మన అసెంబ్లీ నియోజకవర్గాలకు జనాభా లెక్కలే ఆధారం. న్యూజీలాండ్‌లోనూ అంతే, పైగా అక్కడ పీఆర్ ఉన్నవారికి ఓటు కూడా ఉంది.

రెండు ఎన్నికలకోసారి హద్దులు మారుస్తారు. 2021 నాటి హద్దులతోనే 2027 ఎన్నికలూ జరుగుతాయి, ఆ తర్వాత హద్దులు గీసే ముగ్గురు సభ్యుల ప్యానెల్ ప్రజల సలహాలు అడుగుతుంది. చాలా వినతులు ఇక్కడే దారి తప్పుతాయి. ఓటర్లకు బదులు జనాభాను లెక్కించే అధికారం ప్యానెల్‌కు లేదు, దానికి రాష్ట్ర పార్లమెంటు చట్టం మార్చాలి, ఆ మార్పును ఓటర్లు రెఫరెండంలో ఆమోదించాలి కూడా. ప్యానెల్‌కు రాసేవారు "మా సబర్బ్‌ను చీల్చవద్దు" అని ఊరుకోకుండా ఏ వీధి, ఏ రైల్వే లైన్, నదికి ఏ ఒడ్డు హద్దుగా ఉండాలో చెప్పాలి. ఒక సబర్బ్‌ను ఇటు కలిపితే పక్క స్థానంలో ఓటర్లు ఎంత తగ్గుతారో కూడా లెక్కగట్టి చూపాలి. అది లేని ఉత్తరం ఎంత ఆవేదనతో రాసినా 10 శాతం నిబంధన దగ్గరే ఆగిపోతుంది.

— ఒక పాఠకుడు, సిడ్నీ