మార్కులు సరే, ప్రశ్నలు ఎవరు రాశారు?

సంపాదకుడు గారికి,

రోగులు డాక్టర్ల క్లినిక్‌లకు వేసే మార్కుల్ని అందరికీ కనిపించేలా పెట్టాలని మీ పత్రికలో రాశారు. పెట్టాల్సిందే. కానీ ఏం అడిగి వేయించుకున్న మార్కులు అవి?

మొన్న నాన్నగారిని క్లినిక్‌కి తీసుకెళ్తే, బయటికొచ్చేటప్పుడు ఒక ఫారం చేతిలో పెట్టారు. కుర్చీలు బాగున్నాయా, రిసెప్షన్‌లో మర్యాదగా మాట్లాడారా, ఎంతసేపు కూర్చోబెట్టారు? అన్నిటికీ మంచి మార్కులే వేశాను. నిజంగానే బాగున్నాయి మరి.

లోపల జరిగింది మాత్రం ఆ ఫారంలో పట్టదు. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి చొక్కా మీదే బీపీ పట్టీ చుట్టారు. పట్టీ బిగుస్తుండగానే నర్సు నిద్ర సంగతి అడిగింది, నాన్నగారు జవాబు చెప్పడం మొదలుపెట్టారు. పై అంకె 164. రెండు నిమిషాల్లో మందు డోసు పెరిగింది. కొత్త డోసు వేసుకోకముందే, మర్నాడు ఇంకో చోట చూపించాం. అక్కడ ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. చొక్కా చెయ్యి తీయించి, పాదాలు నేలకు ఆనించమని, మాట్లాడొద్దని చెప్పి రెండుసార్లు చూశారు. 138. అక్కడ కుర్చీలు ప్లాస్టిక్‌వి.

వైద్యం నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలని, దాని మీద పరిశోధన చేసిన అవెడిస్ డోనాబెడియన్ 1966లోనే చెప్పాడు: ఉన్న వసతులు, చేసిన పని, రోగికి చివరికి ఒరిగింది. మన ఫారాలు మొదటిదాని దగ్గరే ఆగిపోయాయి. పైగా మార్కులు ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తాయి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మాట చెప్పి ఉత్త చేతులతో పంపిన డాక్టరుకి ఎన్ని స్టార్లు పడతాయో నాకు తెలుసు. నేనే ఒకప్పుడు విసుక్కున్నాను.

కాబట్టి మార్కులతో పాటు క్లినిక్ రికార్డుల్లోని లెక్కలు కూడా బయటికి రావాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో ఎంతమందికి అదుపులో ఉన్నాయి? జలుబు, దగ్గుతో వచ్చినవాళ్లలో ఎంతమందికి యాంటీబయాటిక్ రాశారు? వచ్చిన ప్రతిసారీ అదే డాక్టరు చూస్తున్నారా? ఈ మూడోది చిన్న విషయం కాదు. దీని మీద తొమ్మిది దేశాల్లో జరిగిన 22 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, 18 అధ్యయనాల్లో ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తూ వచ్చినవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి.

ఇది అయ్యే పనేనా అంటారేమో. బ్రిటన్‌లో 2004లోనే క్లినిక్ వారీగా బీపీ, షుగర్ లెక్కలు తీయడం మొదలుపెట్టారు. అయితే ముసలివాళ్లు, జబ్బు ముదిరినవాళ్లు ఎక్కువగా వచ్చే క్లినిక్ లెక్కల్లో వెనకబడుతుంది. వయసు, జబ్బు తీవ్రత కలిపి చూడకపోతే అలాంటివాళ్లను చేర్చుకోవడానికే డాక్టర్లు జంకుతారు.

ఇదంతా కుదిరేలోపు ఫారంలో కనీసం ఒక్క ప్రశ్న చేర్చమనండి: బీపీ చూసే ముందు మిమ్మల్ని కాసేపు కూర్చోనిచ్చారా?

- ఒక పాఠకుడు